నా పేరు పెట్టమన్న ఉత్తరం

ఎండుద్రాక్షకి తొడిమలు తియ్యడం, ఉత్తరాలు రాయడం, నాకు రెండూ ఒకే బల్ల మీద సాగుతాయి. ఎడమ పక్క పళ్ళెం, కుడి పక్క కంప్యూటరు. డిసెంబరు వచ్చిందంటే కలకత్తా భవానీపూర్‌లో మా బేకరీ వెనక గదిలో నా వేళ్ళు జిగురుగానే ఉంటాయి. తడిగుడ్డకి తుడుచుకుంటూ టైపు చేస్తాను. మా అత్తగారు రోజమ్మగారు అటుగా వచ్చినప్పుడల్లా పళ్ళెం వైపు చూసి, "ఇంకా ఇంతేనేటే?" అంటారు. తెర వైపు చూడరు. కూర్చుని బటన్లు నొక్కడం ఆవిడ దృష్టిలో పని కాదు.

మా బేకరీకి ఒక పద్ధతి ఉంది. క్రిస్మస్ ముందు ఇళ్ళవాళ్ళు వెన్న, గుడ్లు, మైదా, పళ్ళు తామే తెచ్చుకుంటారు. వాళ్ళ కళ్ళముందే కలిపి, మా ఓవెన్‌లో కాల్చి ఇస్తాం. ఎవరికి ఏ గంటో మామగారి కాలం నుంచీ బయట నల్లబల్ల మీద సుద్దతో రాసేవారు, పేర్లతో సహా. అందరికీ కనపడాల్సిందే. లేకపోతే ఫలానావాళ్ళని ముందుకి తోశారని గొడవ.

రాసినా గొడవ ఉండేది. అది తగ్గించడానికే నేను ఆ బల్ల తీయించి మెయిళ్ళు మొదలుపెట్టాను. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి, మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేను. ఆ చదువుని ఎక్కడో ఒకచోట వాడాలని పట్టుదల. కౌంటరు దగ్గరికి వచ్చిన ప్రతి మనిషినీ అడిగాను. "దీదీ, మీ మెయిల్ అడ్రస్ ఇస్తారా? ఓవెన్ ఎప్పుడు ఖాళీయో చెప్తాను. ఊరికే విసిగించను." అడగకుండా ఎవరికీ పంపలేదు. ఒకరి అడ్రస్ ఇంకొకరికి కనపడనివ్వలేదు. 'బంపర్ ఆఫర్' అని పైన అరవలేదు. 'మీ ఓవెన్ గంట ఖాయమైంది' అని పెట్టేదాన్ని, అందరూ తెరిచి చూసేవారు. లోపల నాలుగే మాటలు: గుడ్లు ముందురోజే తెచ్చుకోండి, నారింజ తొక్క మరిచిపోకండి, పోయినసారి మీ అమ్మగారి కేకు వాసన వీధి చివరిదాకా వచ్చింది. ఏడాది తిరిగేసరికి క్యూ పోయింది. పండగ లేని నెలల్లో కూడా ఆర్డర్లు రాసాగాయి.

చివర పేరు మాత్రం మా ఆయనది. 'మీ ఎలీయాజరు'. "కొట్టు మనదైనా దాని మొహం నేను గదా. నీ పేరు చూస్తే ఎవరో అనుకుంటారు," అన్నారు. కొట్టుకొచ్చినవాళ్ళు, "దాదా, ఎంత బాగా రాస్తారండీ! మా అమ్మ గుర్తొచ్చింది," అంటే ఆయన మీసం చాటున నవ్వేవారు. నేను లోపల గుడ్లు కొడుతూ వినేదాన్ని. కోపం రాలేదని చెప్పను. కానీ ఆ మాటలు నావని నాకు తెలుసు. అంతవరకూ చాలనుకున్నాను.

మొన్న అమ్మకి జ్వరమని సంత్రాగాఛి వెళ్ళాను. మర్నాడు బంద్. రైళ్ళు లేవు, బస్సులు లేవు. ఆ రోజు ఓవెన్ గంటలన్నీ తర్వాతి రోజులకి సర్దాలి. "నేనొచ్చి పంపుతాను, ఆగండి," అని మా ఆయనకి ఫోన్లో చెప్పాను. "ఏటి, ఈమాత్రం నాకు రాదనుకున్నావా?" అన్నారు. పంపేశారు. వెనకటి నల్లబల్ల మీద రాసినట్టే పంపారు. అందరి అడ్రసులూ అందరికీ కనపడేలా, పక్కన ఎవరికి ఏ రోజు ఏ గంటో. పక్షపాతం లేదని తెలియాలట.

మర్నాడు నేను ఇంట్లో అడుగుపెట్టానో లేదో, అరుంధతీ దీదీ ఫోను. స్కూల్లో టీచరు. భర్తని వదిలి వచ్చేసి ఒక్కతే ఉంటోంది.

"ఈ అడ్రస్ నీ చేతికి ఇచ్చాను విజయా. వాళ్ళింట్లో ఎవరికీ తెలీదు. ఆ మెయిల్ మా ఆడపడుచుకి కూడా వెళ్ళింది. పొద్దుటి నుంచీ మా ఆయన నాకు రాస్తూనే ఉన్నాడు. నా గంటకే, శుక్రవారం మూడింటికి, మీ బేకరీ ముందు నిలబడతాడట."

"మీరు రావద్దు దీదీ. సామాను నేనే వచ్చి తీసుకెళ్తాను, కేకు నేనే తెచ్చిస్తాను," అన్నాను.

"నిన్ను నమ్మొచ్చా?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా పెట్టేసింది.

అప్పటికే తిట్లతో మెయిళ్ళు వచ్చిపడుతున్నాయి. "క్షమాపణ రాయి విజయా. నీకు బాగా వచ్చు గదా," అంటూ మా ఆయన వెనక నిలబడ్డారు. రాశాను. చివర ఆయన పేరు టైపు చెయ్యబోతుంటే భుజం మీద చెయ్యి పడింది.

"ఆగు. ఈసారి నా పేరొద్దు. నీ పేరు పెట్టు. నువ్వే తెలీక ఏదో బటన్ నొక్కేశావని రాసెయ్. ఆడమనిషంటే ఎవరూ ఏమీ అనుకోరు."

"అవునే," అన్నారు అత్తగారు గుమ్మంలోంచి. "నీకేటి పోయింది? నలుగురికీ మొహం సూపించాల్సినోడు ఆడు గదా."

ఇన్నేళ్ళలో ఆ ఉత్తరాల్లోకి నా పేరుని పిలవడం అదే మొదలు. కేకు పొంగితే ఓవెన్ మంచిది, మాడితే కోడలు చూసుకోలేదు. ఈ ఇంటి న్యాయం నాకు కొత్త కాదు. చాలాసార్లు తల ఊపి ఊరుకున్నాను, ఊరుకుంటే పని తెములుతుందని. కానీ ఇది మాడిన కేకు కాదు. ఎక్కడికి, ఏ గంటకి వెళ్తోందో తెలియనివ్వకుండా బతుకుదామనుకున్న ఒక మనిషి నా మాట నమ్మి ఇచ్చిన అడ్రస్ అది. ఆ బటన్ నేనే నొక్కానని రాస్తే, రేపు ఏ మొహం పెట్టుకుని ఆవిడ తలుపు కొట్టను? నేను అడిగితే ఇచ్చిన ఆ ఆడవాళ్ళందరూ ఇక ఎవరిని నమ్మాలి?

"సరే. నా పేరే పెడతాను," అన్నాను.

ఆయన హమ్మయ్య అనుకుని టీకి వెళ్ళారు. నేను పాస్‌వర్డ్ మార్చాను. శుక్రవారం గంటలతో సహా అన్నీ మార్చేశాను. ఎవరి గంట వాళ్ళకే తెలిసేలా ఒక్కొక్కరికీ విడిగా మెయిల్ సిద్ధం చేసుకున్నాను. రాసిన క్షమాపణ కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను.

'మీ అడ్రసులు బయటపడ్డాయి. అది మా బేకరీ తప్పు. దయచేసి క్షమించండి. మీ కొత్త గంట కింద ఉంది, అది మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నా పేరు విజయ కుమారి. ఇన్నేళ్ళుగా మీరు చదివిన ఉత్తరాలన్నీ నేను రాసినవి. నిన్నటిది ఒక్కటే నేను రాయలేదు.'