పసుపంటిన భుజం

తడి పసుపు వాసన.

మెడలో కొత్త తాడుకు పసుపు రాసుకుంటుంటే ఫోన్ మోగింది. బొటనవేలి పసుపు ఫోన్ అద్దానికి అంటింది. ఆ పచ్చటి మరక కిందే కబురు — హిందూపురం ప్రదర్శనకు నా బొమ్మ ఎంపికైంది! నేను పంపిన చిన్న బొమ్మనే, ఆదివారానికి పెద్దగా వేసి తేవాలి.

కామిక్ గీతలో నిలువెత్తు మనిషి.

నిలువెత్తు మనిషి ఇంట్లోనే ఉన్నాడు. పెళ్ళయి నెలే!

పెనుకొండలో మా మిద్దె మీద, ఎండలో, స్టూలు మీద సురేంద్ర. బొమ్మ కోసమని రోజూ ఉతికిన బనీను తొడిగి కూర్చోబెట్టాను. పెళ్ళి ఫొటోకు కూర్చున్నట్టే బిగుసుకుపోయాడు.

"నవ్వాల్నా, వద్దా?"

"మామూలుగా ఉండండి."

"మామూలుగానే ఉండా కదమ్మే!"

భుజం వేశాను. రంగులో ఎండ నిలిచింది, చెమట నిలిచింది. భుజం ఊపిరి పీల్చింది.

చుట్టూ కామిక్‌లో లాగా నల్లటి గీత గీశాను.

ఊపిరి ఆగింది.

కత్తిరించి అంటించినట్టు... నా మొగుడు!

గీత తుడిచాను. భుజం బతికింది — కామిక్ చచ్చింది. మళ్ళీ గీత. మళ్ళీ తుడుపు.

ధర్మవరంలో కాలేజీ నోటుబుక్కు అంచుల్లో గీసేదాన్ని. ఒక్క గీతకు మనిషి ఎగిరేవాడు. ఆ గీతే ఇప్పుడు గోడై లేస్తోంది.

మంగళవారం భుజం. బుధవారం అదే భుజం. ఇవాళ శుక్రవారం... అదే భుజం.

తల పైన మాటల బుడగ ఖాళీగా ఉంది.

"నడుము పట్టేసిందని రాయి అందులో," అన్నాడు.

నవ్వొచ్చింది. నవ్వులోంచే ఏడుపొచ్చింది. కుంచె విసిరేశాను.

లేచి వచ్చి దగ్గరికి తీసుకున్నాడు. ఆ భుజం మీదే ముఖం పెట్టుకుని ఏడ్చాను.

తల ఎత్తితే — తెల్లటి బనీను మీద పసుపు. నా తాడుదే. చెమటకు కరిగి, బట్ట అంచు దాటి, మెడ మీదికి పాకింది. బట్ట ఎక్కడ ఆగిందో, ఒళ్ళు ఎక్కడ మొదలైందో దానికి పట్టలేదు.

కింద నుంచి అత్త కేక. "ఆ బనీను ఇటియ్యప్పా సురేంద్రా, నానేస్తా!"

"వద్దత్తా!"

కుంచె వెతికి తీశాను. గీత మొదలుపెట్టాను. మరక దగ్గర ఆపాను. మరక అవతల మళ్ళీ ఎత్తుకున్నాను.

కుదిరిందా?

ఏమో... కొండ వెనక వెలుతురు పోయింది.

"రేపు కూడా ఇదే బనీను," అన్నాను. "పొద్దున్నే తాడుకు పసుపు రాసుకుంటాను. ఆరకముందే మీ దగ్గరికొస్తాను. ఆ తర్వాతే కుంచె."

"అట్లయితే నడుము నొప్పి లేదులే," అన్నాడు.

చీకట్లో బొమ్మ కనబడలేదు. వేళ్ళు వాసన చూసుకున్నాను.

పసుపు...