స్టూలు ఖాళీగా ఉండకూడదు

లిఫ్టు అయిదో అంతస్తు దాటుతుండగా అతను మళ్ళీ మొదలుపెట్టాడు. బోరింగ్, టయరింగ్, కన్‌ఫ్యూజింగ్. పైకి వెళ్ళేటప్పుడు ‘ఇంగ్’ మాటలు, దిగేటప్పుడు ‘ఈడీ’ మాటలు. పదో తరగతి చదివే కూతురు అట్టముక్కల మీద రాసిచ్చింది. నీకు కలిగితే ఈడీ, నీకు కలిగించేదానికి ఇంగ్, అంతే నాన్నా, అని తేల్చేసింది. అంతేనట!

ఇరవై రెండేళ్ళుగా ఆ పెట్టెలో స్టూలు మీద కూర్చుని మీటలు నొక్కుతున్నాడు. మోచెయ్యి తగిలి తగిలి గోడ రేకు అక్కడ నున్నబడింది. జనం అతనితో మాట్లాడేవి అంకెలే. అతని పేరు కూడా లిఫ్టనే స్థిరపడిపోయింది. బయట వాన పడుతోందో లేదో ఎక్కేవాళ్ళ చెప్పులు చూసి తెలుసుకుంటాడు.

కింద విచారణ బల్ల దగ్గర ఉద్యోగం ఖాళీ అయింది. ఆ బల్ల వెనక కిటికీ ఉంది. దానికి ఇంగ్లీషు పరీక్ష, ఇవాళ మూడింటికి, తొమ్మిదో అంతస్తులో. వయసు యాభై దాటకూడదు. అతనికి వచ్చే నెలకు నిండుతాయి, ఇక మళ్ళీ అవకాశం లేదు. స్టూలు ఖాళీగా ఉండకూడదన్నది ఆఫీసు నియమం కాబట్టి, రెండున్నరకల్లా కాపలాదారును పంపుతానని సూపర్‌వైజరు మాటిచ్చాడు.

రెండున్నర దాటింది. పరీక్ష రాసేవాళ్ళను అతనే మూడు విడతలుగా పైకి చేర్చాడు. కాపలాదారు జాడ లేదు. తొమ్మిదిలో తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఎదుటి గదిలో వంచిన తలలు, వాటి మధ్య ఒక ఖాళీ కుర్చీ కనిపించాయి. పట్టుమని పదడుగుల దూరం లేదు. ఒకసారి కాలు బయట పెట్టాడు కూడా. కింద నుంచి గంట మోగింది. పాడు అలవాటు, కాలు దానంతటదే వెనక్కి వచ్చింది.

నాలుగున్నరకు పరీక్ష పెట్టినావిడ కాగితాల కట్టతో ఎక్కింది.

"మీ పేరు రెండుసార్లు పిలిచాను. రాలేదేం?"

"స్టూలు మీద కూర్చోడానికి ఎవరూ రాలేదమ్మా."

ఆమె మారుతున్న అంకెల వైపు చూసింది.

ఆమెను దింపి ఖాళీ లిఫ్టును తొమ్మిదికి తీసుకెళ్ళాడు. ఆ కుర్చీ ఇంకా అక్కడే ఉంది. అతనికి ఏడుపొచ్చింది. జేబులోంచి అట్టముక్కలు తీసి, స్టూలు మీద పెట్టి, బయటికి నడిచాడు. ఆ భవనంలో మెట్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది. టయర్డ్, బోర్డ్, అనుకుంటూ ఒక్కొక్కటే దిగాడు. మళ్ళీ ఆ పెట్టెలో అడుగుపెట్టలేదు.

పైన, తలుపు తెరిచిన లిఫ్టులో గంట మోగుతూనే ఉంది. స్టూలు మీద, అతను కూర్చుని కూర్చుని గుంటపడిన చోట, రబ్బరు బ్యాండు వేసిన అట్టముక్కల కట్ట ఉంది.