ఉత్త బెణుకు

తాపీతో తట్టలోని సిమెంటు మాలును మరోసారి తిరగేసి, ఓ ముద్ద తీసి మేస్త్రీ గోడకేసి కొట్టాడు. ముద్ద జారలేదు. మణికట్టులో చురుక్కుమంది. అది నొప్పో, నొప్పి వస్తుందేమోనన్న భయమో తేల్చుకోలేక ఇంకో ముద్ద కొట్టాడు.

అప్పటికి పొద్దు బారెడు ఎక్కింది. కాంట్రాక్టరు పొద్దున్నే తేల్చి చెప్పేశాడు. "సాయంత్రానికి ఈ గోడ పూత ఒక్కడివే ముగిస్తే నీ చోటు నీదే. లేదంటే కింద ఇసుక జల్లించుకో." ఇరవై రెండేళ్లు గోడలు నునుపు చేసినవాడికి చివరికి జల్లెడ చూపించాడన్నమాట.

కుడి బొటనవేలి మొదట్లో జెర్రి పాకినట్టు కుట్ల గుర్తు. చెయ్యి వెనక్కి సగమే వంగుతోంది. అందుకని నునుపు చేసే చెక్కను మణికట్టుతో కాక భుజంతో తోస్తున్నాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లు అలాగే తోస్తారు. తనే ఎంతమందిని తిట్టాడో, "భుజం కాదురా, చెయ్యి ఆడించు!" అని.

మాలు కలిపే ఆవిడ తట్ట అందిస్తూ కిందనుంచి అరిచింది. "అన్నా, చేతిలో ఇనప ముక్క పెట్టారటగా! వానలో తడవకు, తుప్పు పడుతుంది."

"తుప్పు పట్టదట తల్లీ. నాకన్నా అదే ఎక్కువ రోజులుంటుందన్నాడు డాక్టరు."

"అయితే దాన్నే పనికి పంపి నువ్వు ఇంట్లో పడుకోలేకపోయావా!"

మేస్త్రీ నవ్వాడు. పక్క గోడ దగ్గర పనిచేస్తున్న బామ్మర్ది మాత్రం నవ్వలేదు, ఇటు చూడనూ లేదు. మేస్త్రీ పడుకున్న అయిదు నెలలూ వీడే మేస్త్రీ. తాపీ పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ బావ నేర్పినవే.

ఈ పనిలో ఎక్కడా రాసి లేని కట్టడి ఒకటుంది. పరంజా ఎవడు కడితే వాడే ముందు ఎక్కాలి. ఎక్కి, మడమలతో రెండుసార్లు పలకను తొక్కి చూపించాలి. ఆ తర్వాతే రెండోవాడు కాలు పెట్టేది. కిందటేడు ఒక పొద్దున బామ్మర్ది పరంజా కట్టి, "నువ్వు ఎక్కుతుండు బావా, నేను మాలు తెస్తా" అన్నాడు. సొంత మనిషి కదా అని మేస్త్రీ ఎక్కాడు. ముడి జారింది. పడుతూ నేలకు చెయ్యి ఆనించాడు, అంతే.

బామ్మర్ది పరుగెత్తుకొచ్చి బొటనవేలు పట్టి లాగాడు. "ఉత్త బెణుకు బావా. రెండ్రోజుల్లో పోతుంది" అని గుడ్డ చుట్టాడు. ఇంటికెళితే భార్య చెయ్యికన్నా ముందు తమ్ముణ్ణి తలుచుకుంది. "వాడు కట్టాడని ఎవరితోనూ అనకండి. వాడి పని పోతే వాడి సంసారం మన మెడకే చుట్టుకుంటుంది." ఆసుపత్రికి వెళితే ఎలా పడ్డావంటారు, ఎవరు కట్టారంటారు. అందుకని వెళ్లలేదు. తనంతట తనే కాలు జారానని అందరితోనూ చెప్పుకున్నాడు. గుడ్డ చుట్టుకుని ఎనిమిది నెలలు పనిచేశాడు, తాపీ చేతిలోంచి దానంతటదే జారిపోయేదాకా.

చివరికి ఆసుపత్రికి వెళితే, మణికట్టులో జీడిపప్పంత ఎముకట. రెండు ముక్కలై, అతుక్కోవడమే మానేసిందట. తుంటిలోంచి చిన్న ఎముక ముక్క తీసి మధ్యలో పెట్టి, పైన గోరంత ప్లేటు వేసి, ఆరు మరలు బిగించారు. "ప్లేటు పట్టుకుని ఉంటుంది, అంతే. అతుక్కోవాల్సింది ఎముకే" అన్నాడు డాక్టరు. "పడ్డ వారంలోనే వచ్చుంటే పిండికట్టుతో పోయేదయ్యా" అని కూడా అన్నాడు. కిందటి నెలే అతుక్కుందని చెప్పారు.

మధ్యాహ్నం మేస్త్రీ తిండికి దిగలేదు. దిగితే చెయ్యి బిగుసుకుపోతుందని భయం. నాలుగింటికి చివరి మూల నున్నగా తేలింది. కాంట్రాక్టరు వచ్చి రూళ్లకర్ర ఆనించి పైనుంచి కిందికి లాగాడు. ఎక్కడా వెలుతురు దూరలేదు.

"నీ చెయ్యి మళ్లీ తిరిగింది మేస్త్రీ. రేపట్నుంచి నీ చోటు నీదే." మేస్త్రీ కళ్లు చెమ్మగిల్లాయి. కాంట్రాక్టరు రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. ఇకనుంచి పరంజా నువ్వు కట్టొద్దు. మీ బామ్మర్ది కడతాడు."

"ఆ రోజు కట్టింది నేను కాదు కదండీ."

"ఇంకా ఎందుకయ్యా దాస్తావు? నువ్వు పడ్డ పూటే వాడు చెప్పాడు. వద్దన్నా వినకుండా బావే కట్టుకున్నాడని."

ఆయన వెళ్లిపోయాడు. మేస్త్రీ చేతులు కడుక్కున్నాడు. తాపీ కడిగాడు. తర్వాత, అప్పటికి పక్కగదికి మారిన బామ్మర్ది దగ్గరికి వెళ్లాడు.

"కాంట్రాక్టరుతో ఏం చెప్పావురా?"

బామ్మర్ది తట్టలోని మాలు కెలికాడు. "అయిపోయిన సంగతి బావా..."

"ముడి వదులని తెలుసా?"

"ఇంకో చుట్టు వెయ్యాలనే అనుకున్నా. ఈలోపు కాంట్రాక్టరు వస్తున్నాడని తొందరపడ్డా."

"ఎముక విరిగిందని కూడా తెలుసా?"

"లాగినప్పుడు లోపల కరకరమంది బావా."

మేస్త్రీ గోడకు ఆనుకున్నాడు. అడగకూడదనుకుంటూనే అడిగాడు. "మీ అక్కకి తెలుసా, నా మీద పెట్టావని?"

"అక్కే అలా చెప్పమంది. బావ పెద్ద మేస్త్రీ, ఆయన తప్పంటే ఓ తిట్టుతో పోతుంది, నీ తప్పంటే నిన్ను తీసేస్తారంది."

ఇవాళ పొద్దున కూడా ఆ ఇల్లాలే అతని చొక్కా గుండీలు పెట్టి, "జాగ్రత్తండీ" అంది.

మేస్త్రీ సంచిలోంచి పెద్ద కవరు తీశాడు. కాంట్రాక్టరు అడిగితే చూపిద్దామని తెచ్చుకున్నది. ఆయన అడగలేదు. ఎక్స్‌రే ఫిల్మును బయటికి లాగి, ఇంకా తలుపులు పెట్టని కిటికీలో వెలుతురుకెదురుగా నిలబెట్టాడు.

"చూడు" అన్నాడు. "నీ ఉత్త బెణుకు."

బామ్మర్ది తల ఎత్తలేదు. మేస్త్రీ తాపీ సంచిలో వేసుకుని మెట్లు దిగాడు. "రేపు పెందలాడే వస్తావా అన్నా? మాలు కలిపి పెడతా" అంది ఆవిడ. మేస్త్రీ ఆమె నెత్తిన చెయ్యి వేసి కదిలాడు. వీధి చివర ఎడమకు తిరిగితే ఇల్లు. కుడికి తిరిగితే బస్సులు ఆగే చోటు. కుడికి తిరిగాడు.

పైన కిటికీలో, అంచు తడి మాలుకు అంటుకుని, ఫిల్ము నిలబడే ఉంది. ఎముకలన్నీ పొగ రంగులో, మధ్యలో గోరంత ప్లేటు, దాని ఆరు మరలు తెల్లగా.