అందరూ వేడియప్పన్‌లే

చెన్నై టీమ్ పొద్దున్నే రైలెక్కింది. వాళ్ళు మొరప్పూర్‌లో దిగి ధర్మపురి చేరేలోపు, మా కొత్త సర్వర్ గదిలోని రెండు వరుసల సర్వర్లకూ నేను ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి చూపించాలి. చూపిస్తే ఈ గది బాధ్యత నాది. లేకపోతే గది వాళ్ళది, నేను మళ్ళీ ప్రింటర్లలో ఇరుక్కున్న కాగితాలు పీక్కుంటూ కూర్చోవాలి. ఆ పనంటే నాకు ఒళ్ళుమంట.

ఒక్కో సర్వర్ ముందు కూర్చుని భాష ఏది, డిస్క్ ఎలా పంచాలి, పాస్‌వర్డ్ ఏమిటి అంటూ అది అడిగిన ప్రతిదానికీ జవాబు కొట్టడం పాత పద్ధతి. నేను ఆ జవాబులన్నీ ఒకే ఫైల్‌లో రాసేశాను. సర్వర్ ఆన్ కాగానే నెట్‌వర్క్‌లోంచి ఆ ఫైల్ చదువుకుని తన పని తనే చేసుకుంటుంది. ఒకసారి రాస్తే చాలు, ఎన్ని సర్వర్లకైనా, ఏ ఊళ్ళోనైనా వాడుకోవచ్చు. నిన్న ఒకదాని మీద ప్రయత్నిస్తే భలేగా పనిచేసింది. ముచ్చటపడి ఆ సర్వర్‌కు మా నాన్న పేరు పెట్టాను, వేడియప్పన్ అని.

మా సూపర్‌వైజర్ దొరసామి అన్న సొంతూరు పాలకోడు. ఆఫీసులో అందరితో తమిళం, నాతో మాత్రం ఇంటి తెలుగు.

"నొక్కేదా అన్నా?"

"నొక్కు ఇలక్కియా. ఇంగ టైము లేదు."

నొక్కాను. రెండు వరుసలూ ఒక్కసారిగా హోరెత్తాయి. నాకు నిలబడ్డచోట కాలు నిలవలేదు. పని ముగించుకుని సర్వర్లన్నీ మళ్ళీ లేచాయి. తెర మీద మాత్రం ఒకటే పేరు కనిపించింది, వేడియప్పన్. అది కూడా వస్తూ పోతూ ఉంది.

"తక్కినవి ఏమైనాయి? చచ్చినాయా?" దొరసామి అన్న ముఖం పాలిపోయింది. "వాళ్ళు మొరప్పూర్‌లో దిగేసినారంట. సీక్రం చూడు!"

"కొంచెంసేపు గమ్మునుండన్నా!" అని కసిరాను.

దీపాలన్నీ పచ్చగానే వెలుగుతున్నాయి. ఏదీ చావలేదు. అప్పుడు వెలిగింది నాకు. వేడియప్పన్ మా దేవుడి పేరు, అందుకని మా వీధిలో ఇంటికొకడు ఉన్నాడు. మా అత్త వీధి మొదట్లో నిలబడి ఆ పేరు పెట్టి పిలిస్తే నలుగురు ఒకేసారి "ఆఁ" అంటారు. ఇక్కడా అదే గోల. నిన్నటి పేరూ నెట్‌వర్క్ చిరునామా ఫైల్‌లో అలాగే వదిలేశాను. అన్నీ అవే తగిలించుకుని ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. నా బుర్రకు బూజు పట్టింది!

మా వీధిలో ఈ గోలకు మందు ఎప్పుడో కనిపెట్టారు. ఒకాయన బాయికాడ వేడియప్పన్, ఇంకొకాయన టీకొట్టుకాడ వేడియప్పన్. మా నాన్న కడ ఇంటి వేడియప్పన్, అంటే చిట్టచివరి ఇల్లు మాది. మనిషి ఉండే చోటే గుర్తు. ప్రతి సర్వర్‌కూ ఫ్యాక్టరీలోనే ఒక సొంత నంబరు వేస్తారు. ఏ నంబరుది ఏ వరుసలో, ఏ అరలో ఉందో బిగించేటప్పుడే జాబితాలో ఎక్కించుకున్నాం. దాన్ని బట్టి పేరూ చిరునామా నింపుకోమని ఫైల్‌లో మార్చి, మళ్ళీ నొక్కాను.

తెర మీదికి మొదటి వరుస కింది అర పేరు వచ్చింది. దాని పైది వచ్చింది.

"వచ్చె! ఇంగొకటి వచ్చె!" దొరసామి అన్న ఎగురుతున్నాడు. నేనూ ఎగిరాను, సిగ్గెందుకు?

చెన్నై టీమ్ పెద్దావిడ లోపలికి వచ్చేసరికి రెండు వరుసల పేర్లూ తెర మీద నిండిపోయాయి. ఆవిడ వాటిని పైనుంచి కిందికి చూసి, గది నువ్వే చూసుకో అంది తమిళంలో. ఆ ఫైల్ మాకూ ఇవ్వు, సేలంలో కూడా ఇదే వాడతాం అంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

నాన్నకు చెప్పేదాకా ఆగలేకపోయాను. పాపిరెడ్డిపట్టిలో ఇల్లు కట్టే పనిలో ఉన్నాడు. మేస్త్రీకి ఫోన్ చేశాను.

"మామా, వేడియప్పన్‌ని పిలుస్తారా?"

"ఈడ ముగ్గురుండారు గదమ్మా. ఎవురు, కడ ఇంటి వేడియప్పనా?"

"కాదు మామా. సర్వర్ రూము ఇలక్కియా నాయన."

మేస్త్రీ ఆ మాటనే కాంక్రీట్ మిక్సర్ మోతను మించి గట్టిగా అరిచాడు.

ఈసారి ఒక్కడే "ఆఁ" అన్నాడు.