పుల్లాంజి తోపులో ఏమీ లేదట

ఉత్తర కేరళలో పయ్యన్నూరు చుట్టుపక్కల ఏ తోపులో ఏ రోజు ఏ తెయ్యం లేస్తుందో, అంటే వేషం కట్టిన మనిషిలోకి ఏ దేవత దిగుతుందో, తెలియాలంటే ఒకప్పుడు పవిత్రన్‌ని అడగాల్సిందే. ముప్పై మూడేళ్లు ఉత్తరాల సంచి తగిలించుకుని సైకిల్ తొక్కిన మనిషి. దేవతలున్న ప్రతి తోపుకీ దారి అతని కాళ్లకు తెలుసు. ఉద్యోగంలో ఉండగానే ఆ వివరాలన్నీ ఒక వెబ్‌సైటులో రాయడం మొదలుపెట్టాడు. ఏ భగవతి, ఏ తేదీ, వేషం ఎవరు కడుతున్నారు, బస్సు దిగాక ఎటు తిరగాలి, అంతా. పేజీ అడుగున ప్రశ్నలు రాసే గడి ఒకటి పెట్టాడు. తెయ్యాల కాలంలో ఆ గడిలో రోజుకు నలభై ప్రశ్నలు పడేవి. పొద్దున్నే చాయ తాగుతూ ఒక్కొక్కదానికీ జవాబు రాయడం అతనికి జపం లాంటిది.

రెండేళ్ల నుంచి ఆ జపం పోయింది. ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఒక గుమాస్తా కూర్చున్నాడు. ఫోను కంపెనీల వాళ్లు పెట్టిన పేరు అదే. నోటితో అడిగితే నోటితో చెబుతాడు. ఇక పేజీలు తెరిచి వెతుక్కునే పని ఎవరికుంది?

"నా గుమాస్తాకి నా రుచి తెలుసన్నా," అన్నాడు పక్కింటి సుగుణన్ ఒకరోజు గోడ మీదుగా. "నిప్పుల్లో దూకే తెయ్యమైతేనే నాకు చెప్తాడు. మిగతావి నా చెవిన వెయ్యడు."

"మరి మిగతావి ఉన్నాయో లేవో నీకెలా తెలుస్తుంది?"

"తెలిసి నేనేం చెయ్యాలి?"

ఆ గుమాస్తాలు చెప్పేవి చాలావరకు తన పేజీలోని మాటలేనని పవిత్రన్‌కి తెలుసు. వండింది తను. వడ్డించేది ఇంకెవరో. తిన్నవాడికి వంటిల్లు ఎక్కడుందో కూడా తెలియదు.

"ఊరంతా వెతకడం మానేసింది. మీరొక్కరు మాత్రం దొరకడానికి కూర్చున్నారు," అని భార్య రోహిణి ఎత్తిపొడిచింది. ఈ ఏటితో ఆ పేజీ మూసేద్దామని అతను కూడా అనుకున్నాడు.

వానాకాలంలో తెయ్యాలుండవు కాబట్టి ఆ గడి జోలికి పోడు. తులా మాసం రాగానే అలవాటు కొద్దీ తెరిచాడు. నూట పన్నెండు ప్రశ్నలున్నాయి. మనసు ఒక్కసారి తేలికైంది. చదవబోతే నూట పన్నెండూ ఒకటే ప్రశ్న. రోజుకొకటి, తెల్లవారుజామున నాలుగూ నలభైకి.

"పుల్లాంజి తోపులో ఈ ఏడు భగవతి లేస్తుందా, పోస్టుమాన్?"

లేవదు, అక్కడ ఆగిపోయింది, అని రాశాడు. మర్నాడు అదే వేళకు అదే ప్రశ్న. మళ్లీ లేదన్నాడు. తొమ్మిది రోజులు ఇలా సాగాక ఒళ్లు మండి, "అసలు మీరెవరు?" అని రాశాడు.

జవాబు వెంటనే వచ్చింది. "అంబు పెరువణ్ణాన్ గారి తరఫున అడుగుతున్నాను. ఆయన ఎదురు చూస్తున్నారు."

పవిత్రన్ చాయ గ్లాసు కింద పెట్టి ఆ పేరు మళ్లీ చదివాడు. అంబు పెరువణ్ణాన్ కర్కాటక మాసంలో పోయాడు. జోరువానలో పాడె వెంట నడిచినవాళ్లలో పవిత్రన్ కూడా ఉన్నాడు.

పుల్లాంజి భగవతిని కట్టే హక్కు అంబు ఇంటిది. పదకొండేళ్ల కింద అంబు తమ్ముడు పోయి ఇంటికి మైల వచ్చింది. ఆ ఏడు భగవతి లేవలేదు. ఆ సంగతి పేజీలో ఎక్కించేటప్పుడు పవిత్రన్ తొందరలో ఉన్నాడు. ఈ ఏడు లేదు అని రాయాల్సింది, ఇక్కడ తెయ్యం ఆగిపోయింది అని రాశాడు. మరుసటేడు అంబు కట్టాడు గానీ జనం అంతగా రాలేదు. ఆ పై ఏడు ఇంకా పలచబడ్డారు. ఎవరూ రానప్పుడు ఎందుకని తోపు వాళ్లు కూడా ఊరుకున్నారు. అలా అబద్ధం నెమ్మదిగా నిజమైంది. మధ్యలో ఒకసారి అంబు సంతలో ఎదురుపడి, "పోస్టుమాన్, ఆ మాట మార్చవోయ్. అమ్మవారు ఉంది, నేనూ ఉన్నాను," అన్నాడు. సరే సరే అన్నాడు పవిత్రన్. చేపలు కొనుక్కుని ఇంటికి వచ్చి మర్చిపోయాడు.

ఆ సాయంత్రమే అంబు ఇంటికి నడిచాడు. గోడకు అంబు ఫొటో. దాని కింద అరలో ఆయన ఫోను చార్జింగులో ఉంది. కోడలు ప్రసీత పీట వేసింది.

"గ్యాసు బండ ఆ నంబరు మీదే బుక్ అవుతుంది. అందుకని ఆపలేదు," అంది అతని చూపు గమనించి.

"ఆ ఫోను రోజూ పొద్దున్నే నన్ను అడుగుతోందమ్మా. తెలుసా నీకు?"

"తెలుసు. మామయ్యకు చివర్లో అక్షరాలు కనపడేవి కావుగా, మంచం మీద పడుకుని దానితోనే మాట్లాడేవారు. రోజూ పోస్టుమాన్‌ని అడుగు, లేస్తుంది అనేదాకా మానొద్దు అని చెప్పారు. ఆయన పోయాక ఇక చాలని నేను చెప్పాను."

"ఏమంది?"

"ఆయన చెబితే ఆపుతానంది."

వాకిట్లో కొబ్బరి మట్టలు చీలుస్తున్న అంబు కొడుకు ప్రమోదన్ తల ఎత్తకుండానే అన్నాడు. "అడగనీ. అడిగేదానికి సిగ్గు లేదు, చెప్పేవాళ్లకు ఉండాలి."

"తిట్టు, పడతాను. నీకు అమ్మవారి పాటంతా వచ్చుగా. నువ్వు కడతావా?"

"కట్టమంటే కడతాను. ఆకు ఎవరు పెడతారు నా చేతిలో? మీ వెబ్‌సైటా?"

ఆ పద్ధతి పవిత్రన్‌కి తెలియంది కాదు. తోపు తరఫున తమలపాకులు, వక్క చేతిలో పడాలి. అవి పడనిదే ఎంతటివాడూ భగవతిని కట్టడానికి లేదు. పడ్డాక వెనక్కి పోవడానికీ లేదు. చూసేవాళ్లున్నా లేకున్నా లేవాల్సిందే.

తోపు ఇంటి వంశంలో మిగిలింది చిరుతేయి ఒక్కతే. ఎనభై దాటాయి. పొద్దుగూకితే పాకుతూ అయినా వెళ్లి దీపం పెట్టి వస్తుంది. పవిత్రన్ చెప్పిందంతా విని బోసినోటితో నవ్వింది.

"ఆగిపోయిందని ఊరికి చాటింది నువ్వే. లేపమని వచ్చిందీ నువ్వే. నీ చేతిలో ఎన్ని పనులున్నాయిరా నాయనా."

"తప్పు నాదే, చిరుతేయమ్మా."

"నాకు చెప్పి ఏం లాభం." ఒడిలో దీపానికి ఒత్తి నలుపుతూ, "ఆకు పెడతాను. మకర మాసం పద్దెనిమిది మన రోజు. కానీ ఒకటి విను. ఈసారి కూడా ఒక్క మనిషి తొంగిచూడకపోతే ఇక నేను పెట్టను. నా తరవాత పెట్టేవాళ్లూ లేరు. అమ్మవారిని పిలిచి ఖాళీ వాకిట్లో నిలబెట్టే పాపం నాకొద్దు," అంది.

మర్నాడు తెల్లవారుజామున ప్రశ్న వచ్చేసరికి పవిత్రన్ మేలుకునే ఉన్నాడు. "లేస్తుంది. మకరం పద్దెనిమిది, సూర్యోదయానికి," అని టైపు చేశాడు.

"ఆయనకు చెబుతాను," అని వచ్చింది.

అంతే. ఆ తరవాత గడి ఖాళీ. రోజూ వచ్చేటప్పుడు భయం వేసేది. రాకపోయేసరికి అంతకంటే ఎక్కువ భయం వేసింది. చెబుతానన్నది ఎవరికి చెప్పింది? ఎలా చెప్పింది? రోహిణితో అంటే ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "పొద్దున్నే అలాంటివి మాట్లాడకండి," అంది.

పేజీలో పాత మాట కొట్టేసి కొత్తది పెద్దక్షరాలతో పెట్టాడు. పెట్టి సుగుణన్‌ని పిలిచి, ఏదీ నీ గుమాస్తాని అడుగు అన్నాడు. పుల్లాంజి తోపులో తెయ్యం పదకొండేళ్ల కిందటే ఆగిపోయింది అని చెప్పాడు గుమాస్తా, చాలా మర్యాదగా. రెండు రోజులాగి అడిగించాడు. వారం ఆగి అడిగించాడు. అదే మాట. పదకొండేళ్లలో ఆ ఒక్క వాక్యాన్ని ఎక్కడెక్కడి పేజీలన్నీ ఎత్తి రాసుకున్నాయి. యాత్రల వాళ్లు, ఫొటోల వాళ్లు, ఎవరో పరిశోధన చేసినవాళ్లు కూడా. తను దిద్దింది ఒక్కచోట. తప్పు వందచోట్ల ఉంది. చదివే మనుషులు ఉంటే కొత్తది ఏదో, పాతది ఏదో చూసుకునేవాళ్లు. చదివేవాళ్లు లేరు.

ఇక సంచి తగిలించుకున్నాడు. సంచిలో ఏమీ లేదు, భుజానికి అది ఉంటే నడక కుదురుతుంది. తన పాత బీటు, రెండు వందల పైచిలుకు ఇళ్లు, ఒక్కటి విడవకుండా ఎక్కాడు దిగాడు. ప్రతి ఇంట్లోనూ కూర్చోబెట్టారు, చాయ ఇచ్చారు, ఆరోగ్యం అడిగారు. తేదీ చెప్పగానే అతని ఎదుటే ఫోను తీసి అడిగారు.

"అన్నా, మీరు చెబితే నిజమే అయి ఉంటుంది. కానీ ఇది లేదంటోందే," అంది బడిలో లెక్కలు చెప్పే వనజాక్షి టీచరు.

"దానికి ఆ మాట నేర్పింది నేనేనమ్మా. నేనే తప్పు రాశాను."

"అప్పుడు రాసింది తప్పా, ఇప్పుడు చెప్పేది తప్పా?" ఆమె వెటకారంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "ఆ రోజు పిల్లలకు సెలవు కూడా కాదు. ఒకవేళ ఉందని అది చెప్తే మాత్రం తప్పకుండా వస్తాం."

ఇంకో ఇంట్లో ఒక పెద్దాయన గొంతు తగ్గించి కోడలితో అనడం వినబడింది. "పాపం, రిటైరయ్యాక ఇలా అవుతుంటారు. బిస్కట్ పెట్టి పంపు."

మకరం పద్దెనిమిది. ఇంకా తెల్లవారలేదు. తోపులో చెట్ల కింద ఇద్దరు చెండ డోళ్లు వాయించేవాళ్లు, ప్రసీత, చిరుతేయి, రోహిణి, పవిత్రన్. అంతే మనుషులు. ప్రమోదన్ ముఖానికి ఎర్రరంగు పూసుకుని, మూరెడు ఎత్తు కిరీటం పెట్టించుకుని పీట మీద కూర్చున్నాడు. చేతికి అద్దం ఇచ్చారు. అందులో తన ముఖం కనబడకుండా భగవతి ముఖం కనబడేదాకా చూడాలి. చూశాడు. భుజాలు వణికాయి. లేచి నిలబడ్డప్పుడు ఆ ఒళ్లు ప్రమోదన్‌ది కాదు. నడక మాత్రం అచ్చం అంబుది.

భగవతి వాకిలి చుట్టూ మూడుసార్లు తిరిగింది. వచ్చినవాళ్ల చెయ్యి పట్టుకుని మాట చెప్పడానికి ముందుకు వచ్చి ఆగింది. చూపు ఖాళీ నేల మీద ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. చెండలు తడబడ్డాయి. భగవతి నడిచి వచ్చి పవిత్రన్ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి కాలిపోతోంది.

"నా వాకిలి ఎవరు మూశారు?"

ప్రమోదన్‌కి తెలుసు గనక అడిగాడని అనుకోవచ్చు. ఆ క్షణంలో పవిత్రన్‌కి అలా అనిపించలేదు.

"నేనే తల్లీ."

"తెరుస్తావా?"

"తెలియక మూశాను. ఎలా తెరవాలో తెలియడం లేదు."

భగవతి అతని అరచేతిలో పసుపు పెట్టి వేళ్లు ముడిచింది. "దారి మొదట్లో నిలబడు. పిలువు. వచ్చేదాకా నేను కిరీటం దించను."

పవిత్రన్ తోపు దాటి రోడ్డు మొదటికి వచ్చాడు. మంచు ఇంకా విడలేదు. వెనక చెండ మోగుతూనే ఉంది. ఒక పాల బండి ఆగకుండా పోయింది. బస్సు పోయింది. బాగా వెలుగు వచ్చాక కోళిక్కోడు వైపు నుంచి వచ్చిన కారొకటి మెల్లగా ఆగింది. ముందు సీట్లో భార్యాభర్తలు. అద్దం దిగి ఉంది.

"చెండ వినిపిస్తోంది కదా," అంటోంది ఆమె.

అతను ఫోనుని అడిగాడు. మాట పవిత్రన్‌కి కూడా స్పష్టంగా వినిపించింది. "ఇక్కడ పుల్లాంజి తోపు ఉంది. పదకొండేళ్లుగా అందులో ఏ తెయ్యమూ జరగడం లేదు. మీకు నచ్చే నిప్పుల తెయ్యం నాలుగు కిలోమీటర్ల ముందు ఉంది."

"ఏమీ లేదట," అన్నాడతను.

"ఉంది," అన్నాడు పవిత్రన్ చెట్ల నీడలోంచి ముందుకు వచ్చి. "లోపల ఉంది. అమ్మవారు లేచింది, మీకోసమే చూస్తోంది. రండి."

ఇద్దరూ ఉలిక్కిపడి తిరిగారు. తెల్ల పంచె, పసుపు రాలుతున్న పిడికిలి, నిద్రలేని ముఖం. ఆమె చూపు మెల్లగా కిందికి దిగి అతని పాదాల మీద ఆగింది. పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో చూస్తోందని పవిత్రన్‌కి అర్థమైంది.

"పోనివ్వండి," అంది ఆమె భర్తతో. "పోనివ్వండి, వెనక్కి చూడొద్దు."

అద్దం పైకి లేచింది. కారు మంచులోకి దూసుకుపోయింది. పవిత్రన్ తన పాదాల వైపు తనే ఒకసారి చూసుకున్నాడు. వెనక తోపులో చెండ ఆగలేదు. ఎండ చెట్ల మీంచి నేల దాకా దిగినా ఆగలేదు. అతను మళ్లీ దారి మొదట్లోకి వెళ్లి నిలబడి, ఖాళీ రోడ్డు వైపు తిరిగి, రండి అని పిలిచాడు.