తొమ్మిదో పేజీ

సుందరయ్య నలభై ఏడో పుస్తకానికి స్పైరల్ ఎక్కించి, కొన కత్తిరించి పక్కన పెట్టాడు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల సందులో, జిరాక్స్ షాపులో ఇరవై రెండేళ్లుగా ఆయన పని ఇదే. వేళ్ల కొసలు అరిగి నున్నబడ్డాయి. చొక్కా జేబులో మడతపెట్టిన పాడైన జిరాక్స్ కాగితం ఒకటి ఉంది. ఫోనులో చూసే డయాలసిస్ పేషెంట్ల ఆన్‌లైన్ ఫోరంలో వాడే పొట్టి మాటలు దాని వెనక రాసుకున్నాడు.

ఓపీ అంటే దవాఖానలో ఓపీ కాదు, మొదట పోస్టు పెట్టిన మనిషి. టీఐఏ అంటే ముందుగానే థ్యాంక్స్. టీఎల్‌డీఆర్ అంటే మరీ పొడుగుంది, చదవలేదు అని. ఈ చివరిది తెలిశాక పాపం సిగ్గుతో కుంచించుకుపోయాడు. అందరి క్షేమం అడిగి, ప్రభువు పేరిట దీవించి, తన మొదటి పోస్టు ఉత్తరంలా రాశాడు మరి. అదంతా చెరిపేసి మూడు ముక్కల్లో మళ్లీ పెట్టాడు: 'భార్య ఎస్తేరు. ఎల్బీ నగర్. ఉచిత డయాలసిస్ సీటు కావాలి.'

ఊరికి ఆ కొసనున్న పెద్ద దవాఖానకు రెండు బస్సులు మారి వెళ్లడం ఆమె వల్ల కావడం లేదు. పోయిన వారం రెండుసార్లు మానేసింది. ఇంటి దగ్గరి ట్రస్టు సెంటర్లో సీటు దొరక్కపోతే ఆమె బతకదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తరు.

మధ్యాహ్నం నోట్సు బైండింగుకొచ్చిన మృదుల, కోస్తా నుంచి కోచింగ్‌కు వచ్చిన అమ్మాయి, ఆయన ఫోను తీసుకుని చూసింది.

"మీ పోస్టు తొమ్మిదో పేజీలో ఉందేంటి బాబాయ్ గారూ? దాని కింద రోజూ 'అప్' అని రాయట్లేదా?"

"రాస్తే ఏమైతది?"

"మళ్లీ పైకొస్తుందండి. సీటు ఖాళీ అయితే ట్రస్టు వాళ్లు ఫోరంలో పైనున్న వాళ్లనే పిలుస్తారు. అందరూ అలాగే రాస్తారు."

"సూసిన బిడ్డా. లైన్ల నిలబడ్డంక ముందటోళ్లను నూకుడేంది, ఆళ్ల ఇండ్లల్ల గూడ పేషెంట్లే గద అని ఊకున్న."

పోస్టు పెట్టాక నలభై రోజులు ఊరుకున్నాడు! రేషన్ షాపు ముందు, బస్టాపులో, జన్మంతా తన వంతు కోసం నిలబడ్డ మనిషికి అంతకన్నా ఏం తెలుస్తుంది? మృదుల 'అప్' అని తనే కొట్టి ఫోను ఇచ్చింది.

షాపు షట్టరు దించే వేళకు జవాబొచ్చింది: 'ఓపీ, సీటుంది. రేపు పొద్దున ఆరింటికి తీసుకురండి.' సుందరయ్య జేబులో కాగితం తీయకుండానే చదివేశాడు. ఎన్నడూ లేనిది మెట్రో ఎక్కాడు.

గుమ్మంలో పక్కింటి సైదమ్మ నిలబడి ఉంది.

"అన్నా, జర కూసో. అయిదింటికి ఛాయ్ తాపుదామని వోయిన. వదిన లేవలే. నీ నంబరు నా తాన లేకపాయె."

ఎస్తేరు గోడవైపు తిరిగి పడుకునే ఉంది. సుందరయ్య ఆమె వాచిన పాదాలు పట్టుకుని ఏడ్చాడు. ఒక్క మాట రాయడానికి మొహమాటపడినందుకు తనను తాను తిట్టుకుంటూ చాలాసేపు ఏడ్చాడు. అవసరం తీరిపోయిన పోస్టును మూసేయాలని ఫోరంలో ఇంకో పద్ధతి ఉంది. కళ్లు తుడుచుకుని ఫోను తీశాడు: 'సీటు వద్దు. ఎన్కున్నోళ్లకు ఇయ్యండి.'

కిటికీలో ఎస్తేరు నీళ్ల సీసా ఉంది. రోజుకింతే తాగాలని డాక్టరు చెప్పిన కొలతకు గీత గీసిన సీసా. రాత్రికని దాచుకున్న రెండు గుక్కలు అడుగున అలాగే ఉన్నాయి.