మూడు వందల పన్నెండు జతల చెక్క పాదాలు

చెప్పుల మేస్త్రి దుకాణంలో మూడు గోడలకీ అరలున్నాయి. అరల నిండా చెక్క పాదాలు. మూడు వందల పన్నెండు జతలు. ప్రతి మడమ మీదా ఒక అంకె కాల్చి ఉంటుంది. పేరుండదు.

ఆయన చెప్పులు కుట్టేది మామూలు కాళ్లకు కాదు. ఒక కాలు పొట్టిదైనవాళ్లు, వేళ్లు లేనివాళ్లు, పాదం లోపలికి తిరిగినవాళ్లు వస్తారు. వాళ్ల పాదాన్ని చెక్కలో చెక్కి, దాని మీద తోలు లాగి కుడతాడు. బొబ్బ లేచిందని తిరిగొస్తే చెక్కను అక్కడ మళ్లీ దిద్దుతాడు. ఏళ్ల తరబడి అలా దిద్దుకున్న పాదాలవి.

ఏ అంకె ఎవరిదో కంప్యూటర్లో ఉంది. టైపు నేర్పే సంస్థ మూతబడినప్పుడు కొన్న పాత కంప్యూటరు. భార్య రెండు నెలలు కూర్చుని పుస్తకంలోని పేర్లన్నీ అందులోకి ఎక్కించింది. ఇంకెందుకులే అని పుస్తకాన్ని మేస్త్రే పాత కాగితాలవాడికి వేసేశాడు.

తర్వాత నడుము పట్టేసి ఎనిమిది నెలలు మంచం మీదున్నాడు. దుకాణం మూసి ఉంది. లేచి వచ్చేసరికి చెమ్మకు కీబోర్డు చచ్చిపోయింది. మెకానిక్కు దాన్ని పారేసి వేరేది తగిలించాడు. తెర వెలిగింది. పాస్‌వర్డ్ అడిగింది. భార్య కొట్టింది. తప్పు అంది.

"మేనమామ అనే పెట్టాను," అంది ఆమె. "ఇంగ్లీషు అక్షరాల్లో. నాకు ఆ నాలుగు అక్షరాలు నేర్పింది మా మేనమామే. ఎలా మర్చిపోతాను?"

"మర్చిపోయావు. ఒప్పుకో."

"నీకు అన్నం పెట్టడం మర్చిపోయానా ఏనాడైనా?"

మేస్త్రి కీబోర్డు ఆమె వైపు జరిపాడు. ఆమె అత్త అంది, మామ అంది, వీధి పేరు అంది. అన్నీ కొట్టి చూసింది. పదో రోజుకి ఆమె గొంతు తగ్గింది. పొయ్యి మీద గిన్నె పెట్టి, పెట్టానా లేదా అని మళ్లీ వెళ్లి చూసుకోవడం మొదలుపెట్టింది. మేస్త్రి అది గమనించాడు. గమనించి ఊరుకున్నాడు.

ఆ వారంలోనే టికెట్ల గుమాస్తా వచ్చింది. ఎడమ కాలు మూడు వేళ్ల మందం పొట్టి ఆమెకి. చెప్పు అడుగు ఊడిపోయి, గోడ పట్టుకుని నడిచొచ్చింది.

"మళ్లీ కొలత తీసుకోండి మేస్త్రీ, దానికేముంది?"

"కొలత తీస్తానమ్మా. చెక్క చెక్కాలి. ఈ నడుముతో చెక్కలేను. నీది ఇక్కడే ఎక్కడో ఉంది."

ఎడమ పొట్టివి నలభై దాకా ఉన్నాయి. అన్నీ దించి చూశాడు. ఏదైనా ఆమెదే అనిపిస్తుంది, ఏదీ కాదనిపిస్తుంది. తప్పు చెక్క మీద కుడితే ఉన్న కాలు కూడా పాడవుతుంది. శనివారం రమ్మని పంపాడు. ఎందుకు రమ్మన్నాడో తనకే తెలియదు.

మర్నాడు భార్యాభర్తలు కంప్యూటరు మోసుకుని మెకానిక్కు దగ్గరికి వెళ్లారు. బట్టతల మనిషి, ఎప్పుడూ నిద్ర చాలనట్టుంటాడు.

"లోపలున్నదంతా ఆ పాస్‌వర్డ్‌తోనే ముడిపడి ఉంది, తాళం పగలగొడితే ఏదీ చదవడానికి రాదు," అన్నాడు. "అంతా చెరిపేస్తే మాత్రం శుభ్రంగా నడుస్తుంది. ఏం చెయ్యమంటారు?"

మేస్త్రి కంప్యూటరు మీది దుమ్ము తుండుతో తుడిచాడు. "చెరిపెయ్," అన్నాడు చివరికి.

"అయితే దుకాణం తలుపుకి ఒక కాగితం అంటించుకోండి. ఎవరి చెక్క వాళ్లే వచ్చి గుర్తుపట్టాలని. అక్కా, ఇటు రా, ఈ దాంట్లో టైపు చెయ్యి. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే చాలు, తెలుగు అదే వస్తుంది."

ఆమె వేరే కంప్యూటరు ముందు కూర్చుంది. 'మన చెప్పుల దుకాణం' అని కొట్టబోయింది. తెర మీద 'నమ' అని పడింది.

"మొదలెడుతూనే దండం పెడుతున్నావేంటక్కా," అన్నాడు మెకానిక్కు.

"పాడు అలవాటు," అంది చెరుపుతూ. "మా పాత కీబోర్డులో ఈ రెండు బటన్లూ తారుమారు."

మేస్త్రి తలెత్తాడు. "ఏ రెండు?"

"మ, న. నువ్వు అంటించినవేగా. అక్షరాలు అరిగిపోయాయని తోలు ముక్కల మీద రాసి అంటించావు. ఆ రెండూ ఎడమది కుడికి, కుడిది ఎడమకి వేశావు. పేర్లు తప్పు పడుతుంటే నీకు చెప్పాను. జిగురు ఆరిపోయింది, ఇక కదపను అన్నావు."

మేస్త్రికి గుర్తొచ్చింది. ఒక కాలికి గీసిన కాగితాన్ని తిరగేసి రెండో కాలికి గీయడం నలభై ఏళ్ల అలవాటు. ఆ రెండు బటన్లకు గీసుకున్న కాగితాన్నీ అలాగే తిరగేసినట్టున్నాడు.

"మరి పేర్లన్నీ సరిగ్గానే పడ్డాయిగా," అన్నాడు మెకానిక్కు.

"తెర మీద కనిపిస్తుందిగా. తప్పు పడితే దిద్దుకున్నాను. నాలుగు రోజులకి, మ కావాలంటే న నొక్కడం అలవాటైపోయింది."

"పాస్‌వర్డ్ ఎప్పుడు పెట్టావు?" మేస్త్రి గొంతు మెల్లగా ఉంది.

"మొదటి రోజే. తోలు ముక్కలు చూసి కొట్టాను. అక్కడ చుక్కలే కదా పడేది, తప్పో ఒప్పో ఏం కనిపిస్తుంది? ఆ తర్వాత కూడా అలాగే..." ఆమె ఆగిపోయింది.

మెకానిక్కు ఇంకా చెరపని వాళ్ల కంప్యూటరును తనవైపు తిప్పుకున్నాడు. మ వచ్చినచోట న, న వచ్చినచోట మ. నెమనన. ఒక్కొక్క అక్షరమే నొక్కాడు.

తెరుచుకుంది.

పేర్ల జాబితా తెర మీద పడింది. భార్య కొంగుతో మొహం తుడుచుకుంది. చెమట అంతగా పట్టలేదు.

దుకాణానికి తిరిగొచ్చాక మేస్త్రి సన్న బ్రష్షు, నల్లరంగు తీసుకుని అరల ముందు బల్ల మీద కూర్చున్నాడు. ఆమె ఒక్కొక్క అంకె, పేరు చదువుతోంది. ఆయన ఆ జత దించి మడమ మీద పేరు రాస్తున్నాడు. మూడో తరగతి చేతిరాత, పెద్ద పెద్ద అక్షరాలు. ఇరవై ఒకటి, బడి గంట కొట్టేవాడు. ఇరవై రెండు, పూల దుకాణం పెద్దావిడ. ఆమె పోయి రెండేళ్లయింది. పేరు రాసి, ఆ జతను వేరుగా పెట్టాడు. ముప్ఫై ఎనిమిది, టికెట్ల గుమాస్తా. మూడుసార్లు దించి, కాదనుకుని మళ్లీ పెట్టేసిన జత అది.

నలభై దాటేసరికి ఆయన చెయ్యి నడుము మీదికి పోయింది.

"ఇవాళ్టికి చాలు," అంది భార్య. "ఇన్ని రోజులూ నాకు మతి పోయిందనే అనుకున్నాను. తప్పు నాది కాదని ఒక్క మాట అనవు కదా నువ్వు."

మేస్త్రి బ్రష్షు రంగులో ముంచాడు.

"నాదే," అన్నాడు. "తర్వాతిది చదువు."